మీట నొక్కే ఎలుకా, కొయ్యబారిన ఎలుకా

ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు ఈమధ్య ఫోన్ చేసి, ఎలుకలతో పని ఎలా ఉంటుందని అడుగుతున్నారు. అసలు వాళ్లు అడగదలచుకున్నది కరుస్తాయా లేదా అని. కరుస్తాయి. నన్ను ఎన్నిసార్లు కరిచాయో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. ఆ పనిలో అది చాలా చిన్న సంగతి. పెద్ద సంగతులు అడగడం వాళ్లకింకా తెలియదు కాబట్టి, అడగకుండానే రాస్తున్నాను.

నా పేరు సుగుణ. మాది రాజోలు. మా తాత పొలం కూలి, మా నాన్న బడిపంతులు, నేను జువాలజీ చదివాను. కొత్తపేట నుంచి పి.గన్నవరం వెళ్లే దారిలో ఒక ఫార్మసీ కాలేజీ వెనక, కొబ్బరి తోటలో రేకుల షెడ్డు వేసి చిన్న పరిశోధన ల్యాబ్ పెడితే అందులో టెక్నీషియన్‌గా చేరి, ఎలుకల గదికి ఇన్‌ఛార్జిగా రిటైరయ్యాను. జీతం ఎప్పుడు పెరిగిందో, ఎవరు అడ్డుపడ్డారో మా ఆయనకి తప్ప ఎవరికీ అక్కర్లేని విషయం. చర్చిలో ఎవరైనా మీ అమ్మాయి ఏం చేస్తోందని అడిగితే మా అమ్మ "డాక్టర్ల దగ్గరండీ" అని మాట తప్పించేది. ఎలుకలు అన్న మాట చివరిదాకా ఆవిడ నోట రాలేదు.

నొక్కుతూనే ఉన్న ఎలుక

మా దగ్గర జరిగిన పనంతా రెండు విషయాల చుట్టూ తిరిగేది. ఒకటి భయం, రెండోది దానికి ఎదురుగా ఉన్నది. ఆ రెండోదానికి పేరు పెట్టబోయి చేరిన నెలలోనే చీవాట్లు తిన్నాను.

ఎలుక మెదడులో లోపల ఒకచోటికి వెంట్రుకంత సన్నటి తీగ దించుతారు. బోనులో ఒక మీట ఉంటుంది. ఎలుక దాన్ని నొక్కితే ఆ తీగ గుండా లవలేశమంత కరెంటు వెళుతుంది. మొదట ఏదో కాలు తగిలి నొక్కుతుంది. రెండోసారి ఆగి చూస్తుంది. మూడోసారి నుంచి ఇక ఆగదు. నేను మొదట చూసిన ఎలుక పక్కనే పెట్టిన నానబెట్టిన సెనగలు ముట్టలేదు, నీళ్లు ముట్టలేదు. ముందు కాళ్లు మీట మీద పెట్టుకుని టకటకా నొక్కుతూనే ఉంది. ఇష్టంగా నొక్కుతోంది కదా అని నేను మురిసిపోయి, నోట్ పుస్తకంలో "ఎలుక చాలా సంతోషంగా ఉంది" అని రాశాను.

మా ప్రొఫెసర్ వెంకటరత్నం గారు ఆ వాక్యం చూసి కలం తీసి కొట్టేశారు. "సంతోషం మీకెక్కడ కనపడిందండీ? నొక్కింది. అంతవరకే కనపడింది. మీరేం చూసేరో అది రాయండి, ఏమనుకున్నారో ఇంటికెళ్లి మీ వారికి చెప్పుకోండి" అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. ఆ సాయంత్రం, గంట దాటితే కరెంటు మనమే కట్టేయాలని, లేకపోతే అది తిండి మానేసి నొక్కుతూనే పడిపోతుందని ఆయనే చెప్పారు. నేను స్విచ్ కట్టేశాను. ఎలుక ఇంకా చాలాసేపు ఖాళీ మీట నొక్కుతూనే ఉంది. దాని మొహంలో సంతోషం ఉందో లేదో నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. ఆ కొట్టివేతని నేను మర్చిపోలేదు. ఈ వృత్తిలో నాకు ఎవరైనా నేర్పిన మంచి మాట ఉందంటే అదే.

భయం సంగతి వేరు. ఇనప కడ్డీల నేల ఉన్న పెట్టెలో ఎలుకని పెట్టి, ఒక బీప్ వినిపించి, వెంటనే కాళ్లకి చిన్న షాక్ ఇస్తారు. అలా నాలుగైదుసార్లు చేశాక షాక్ అవసరం లేదు. బీప్ వినపడగానే ఎలుక కొయ్యబారిపోతుంది. పారిపోదు, అరవదు. మీసం కూడా కదలదు. ఎన్ని సెకన్లు అలా ఉందో స్టాప్‌వాచీతో చూసి రాయడం నా పని. షాక్ ఎంతుంటుందో తెలియకుండా ఇంకొకరికి పెట్టకూడదని మొదటిరోజే నా అరచేతికి పెట్టుకున్నాను. మీరూ పెట్టుకోండి. నొప్పి కంటే ఎక్కువగా, మళ్లీ వస్తుందేమోనన్న బెదురు అరగంట ఉంటుంది.

సార్ ఒకసారి ఈ రెండూ కలిపి చూశారు. దాహంతో నీళ్ల కోసం మీట నొక్కే ఎలుక బీప్ వినగానే నొక్కడం ఆపేసింది. మెదడులో కరెంటు కోసం నొక్కేది మాత్రం అదే బీప్ విని, ఒళ్లు బిగుసుకుని కూడా, మీట వదల్లేదు.

దింపు తీయించాకే ప్రయోగం

ల్యాబ్ అనగానే మీకు తెల్లటి గోడలు గుర్తొస్తాయి. మాది కొబ్బరి తోటలో రేకుల షెడ్డు. ఎలుకకి బీప్ వినిపించే సమయానికి కప్పు మీద కొబ్బరికాయ పడితే? ధన్‌మని పడుతుంది. గదిలో ఉన్న ఎలుకలన్నీ ఒక్కసారే కొయ్యబారతాయి. అలా ఒక ఏడాది పని మొత్తం గంగలో కలిసింది. అప్పటినుంచి ప్రయోగం మొదలుపెట్టే ముందు షెడ్డు చుట్టూ ఉన్న చెట్లకి దింపు తీయించడం, అంటే కాయలన్నీ కోయించేయడం, ఆనవాయితీ అయింది. పైనుంచి పరిశీలనకు వచ్చిన ఒకాయన మా ఖర్చుల్లో "కొబ్బరి దింపు" చూసి కళ్లజోడు సవరించుకున్నాడు. విషయం చెబితే నవ్వాడు. అదీ మా ల్యాబ్‌కి అవసరమైన పరికరం లాంటిదేనని నేను నవ్వకుండానే చెప్పాను.

శబ్దం విషయంలో అంత జాగ్రత్త పడ్డవాళ్లం. వాసన విషయంలోనూ నియమం ఉంది: సెంటు వద్దు, పౌడరు వద్దు, అగరుబత్తి వాసనతో రావద్దు. ఆ నియమం పెట్టింది నేనే. పిల్లల్ని గుమ్మంలో ఆపి వాసన చూసి మరీ లోపలికి పంపేదాన్ని. సార్ సిగరెట్ల జోలికి మాత్రం వెళ్లలేదు. ఇన్‌ఛార్జి అధికారానికి కూడా ఒక హద్దు ఉంటుంది.

శిరీష

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు వచ్చింది శిరీష. గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న ఊరు, వేట మీద బతికే కుటుంబం. నది సముద్రంలో పడే ఆ మొగ దగ్గరే పడవ తిరగబడి వాళ్ల నాన్న చనిపోయాడు. శవాన్ని ఇంజను పడవలో తెచ్చారు. ఆ రోజునుంచి వాళ్లమ్మ నాగమణి గారు పడవ ఇంజను చప్పుడు వింటే ఎక్కడున్న మనిషి అక్కడే నిలబడిపోతుంది. పొయ్యి మీద అన్నం మాడిపోతున్నా కదలదు. అమలాపురంలో డాక్టరు గారు మాత్రలు రాశారు. అవి వేసుకుంటే ఆవిడ కాస్త తేరుకుంటుంది కానీ, మత్తుగా ఉంటుందని గొడవ పెడుతుంది.

తీరం వెంట పెరిగే ఒక తీగ ఆకుతో కాచే కషాయం శిరీష వాళ్ల నాయనమ్మ ఇచ్చేదట. అది భయాన్ని తగ్గిస్తుందా అన్నదే శిరీష పీహెచ్‌డీ. పిల్ల నెమ్మదస్తురాలు, పని రాక్షసి. మొదటివారంలోనే పౌడరు రాసుకొచ్చిందని నేను పంపు దగ్గరికి పంపి మొహం కడిగించాను. ఆయ్ అండీ అని కడుక్కుని వచ్చింది.

ఎలుకలన్నిటికీ ఒకే వారంలో బీపూ షాకూ నేర్పించాం. తర్వాత సగం ఎలుకలకి మందు లేదు, సగానికి మూడు వారాలపాటు కషాయం సారం. మందు లేనివాటిని వెంటనే పరీక్షించేశాం. మందు తాగినవాటిని మూడు వారాలయ్యాక పరీక్షించాం. ఇది సార్ నిర్ణయం, ఇది తప్పు. రెండు గుంపుల్నీ ఒకే రోజుల్లో పరీక్షించాలి. మధ్యలో ఏం మారుతుందో ఎవరికి తెలుసు? తరచూ మొరాయించే మా జనరేటరు సరిగ్గా ఉన్నప్పుడే సగం పని ముగించేద్దామని ఆయన తొందర. నేనూ అడ్డు చెప్పలేదు.

ఫలితం చూసి అందరం ఎగిరి గంతేశాం. మందు లేని ఎలుకలు బీప్ వినగానే కొయ్యబారాయి. మందు తాగినవి కొద్దిగా ఆగి, మళ్లీ తమ పని తాము చూసుకున్నాయి. సార్ ఒక సభలో దీని గురించి మాట్లాడి వచ్చారు. పేపరు పంపించారు. ఒక కాలేజీలో లెక్చరర్ పోస్టుకి శిరీషని పిలిచారు, థీసిస్ ఇచ్చేస్తే చేరిపోవడమే.

ఈస్టరు మర్నాడు

మాది క్రైస్తవ కుటుంబం. ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల కాలం నలభై రోజులూ నేను పూలు పెట్టుకోను, తలకి నూనె కూడా నామమాత్రం. మిగిలిన రోజుల్లో పెరట్లో కుండీలోంచి నాలుగు మరువం రెబ్బలు తుంచి, కనకాంబరాలో చేమంతులో కలిపి పెట్టుకోనిదే గడప దాటను. మా అమ్మా అంతే. అది నాకు సెంటు అని ఎప్పుడూ అనిపించలేదు. పూలు పూలే కదా.

ఈస్టరు మర్నాడు సోమవారం, నలభై రోజుల తర్వాత, మరువంతో ల్యాబ్‌కి వెళ్లాను. మందు తాగిన ఎలుకల బోనులు శుభ్రం చేద్దామని తలుపు తీశాను. ఎనిమిది ఎలుకలూ కొయ్యబారిపోయాయి. బీప్ లేదు, పెట్టె లేదు. కప్పు మీద కాయ పడలేదు. మందు ఇంకా ఇస్తూనే ఉన్నాం.

నాకు అప్పుడే అర్థమైంది. అర్థమైనా అర్థం కానట్టు ఇంకో రెండు రోజులు గడిపాను. మంగళవారం పూలు లేకుండా, తలంటుకుని వెళ్లి, మందు లేని ఎలుకల్ని తీశాను. మామూలుగా తిరిగాయి. బీప్ వినిపించాను. కాస్త ఆగాయంతే, మందు తాగినవి ఎంత ఆగాయో అంత. బుధవారం పొద్దున ఒక మరువం రెబ్బ చేతిరుమాలులో చుట్టి ఆ మందు లేనివాటి బోను దగ్గర పెట్టి, దూరంగా గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఒక్కటీ కదల్లేదు.

షాక్ నేర్పిన వారంలో పెట్టె పక్కన స్టాప్‌వాచీతో కూర్చున్నది నేను. ఎలుక చెవి కంటే ముక్కునే ఎక్కువ నమ్ముతుంది. బీప్ అర నిమిషం ఉంటే నా మరువం గంటంతా ఉంది. అవి నా పూలకి భయపడటం నేర్చుకున్నాయి. మందు లేనివాటిని పరీక్షించినప్పుడు నా తలలో పూలున్నాయి. మందు తాగినవాటిని పరీక్షించేసరికి శ్రమల కాలం వచ్చింది, పూలు లేవు. కషాయం ఏమీ చేయలేదు. పూలు తీసేసింది నేను.

సార్ మాట

ఆ పొద్దునే ముందు సార్‌కి చెప్పాను. ఆయన, మీరు ఇంత చిన్న పరీక్ష చేసి ఇంత పెద్ద మాట అనకూడదన్నారు. తర్వాత, అమ్మాయి థీసిస్ ఇచ్చేయనివ్వండి, ఆ తర్వాత పేపర్లో మనమే సవరించుకుందామన్నారు. మీ రిటైర్‌మెంటు కూడా దగ్గర పడింది కదండీ అని కూడా అన్నారు.

నేను సరేనన్నాను. ఇది దాచను. సరేనని బయటికి వచ్చి, పంపు దగ్గర మొహం కడుక్కుని, టీ తాగాను. తప్పు నాది, దాచిపెట్టమన్నది సార్, ఇక నాకెందుకు బెంగ అనుకున్నాను. ఆ రెండు గంటలు నా ఉద్యోగం మొత్తంలో నేను సిగ్గుపడే రెండు గంటలు.

మధ్యాహ్నం శిరీష ఒక డబ్బాలో పూతరేకులు తెచ్చింది. ఏమిటీ విశేషం అంటే, ఆదివారం నుంచి వాళ్లమ్మ డాక్టరు మాత్రలు మానేసి కషాయం తాగుతోందట. "నాలుగు రోజుల్నుంచీ నిద్ర బాగా పడుతోందంట మేడమ్ గారండీ. మన ఎలకల మీద చూసిందే కదా అని ధైర్యంగా ఇచ్చేను" అంది.

పూతరేకు నా చేతిలోనే ఉంది. అప్పటిదాకా నా తప్పంటే ఒక పేపరు, ఒక థీసిస్, నా పరువు. ఆ మాటతో అది ఒక మనిషి గొంతులోకి దిగింది. నేను అక్కడే, ఎలుకల గది గుమ్మంలో, మొత్తం చెప్పేశాను.

శిరీష వింటూ వింటూ కూర్చుండిపోయింది. "నా పౌడరు కడిగించేరు కదండీ" అంది.

"ఆయ్, కడిగించేను" అన్నాను.

"ఉద్యోగం పోతుందండీ నాది."

పోతుందమ్మా అన్నాను. కాదని అబద్ధం చెప్పలేకపోయాను. ఇంకో నెల ఆగి చెప్పకూడదా అంది. మీ అమ్మ మాత్రల్లేకుండా ఇంకో నెల ఆగగలదా అని అడిగాను. దాంతో ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది కానీ ఆపుకున్నాను. తప్పు చేసినవాళ్లు ముందుగా ఏడవకూడదని నాకనిపిస్తుంది.

ఆ తర్వాత

నేను శిరీషకి చెప్పేశానని తెలిసి సార్ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నోట్ పుస్తకంలో నేను మూడు రోజుల పరీక్షలూ రాసి ఆయన బల్ల మీద పెట్టాను. సంతోషంగా ఉందనీ బాధగా ఉందనీ ఏమీ రాయలేదు, చూసింది రాశాను. మూడోరోజు ఆయన పేపరు వెనక్కి తీసుకుంటూ ఉత్తరం రాసి, సంతకం పెట్టి, నా చేతికే ఇచ్చి పోస్టు చేయమన్నారు. ఆయన్ని నేను మంచివారనే అంటాను. మంచివారికి కూడా రెండు రోజులు పడుతుంది.

శిరీష ప్రయోగం మళ్లీ మొదటినుంచి చేసింది. రెండు గుంపులూ పక్కపక్కనే, ఒకే రోజుల్లో. ఏ బోనులో ఉన్నది మందు తాగిందో లెక్కపెట్టే మనిషికి తెలియకుండా. లెక్కపెట్టే పని నాకు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. కషాయం ఏమీ చేయదని తేలింది. ఏమీ చేయదని రాసిన థీసిస్‌కి కూడా డిగ్రీ వస్తుందని, కానీ ఆలస్యంగా వస్తుందని ఆ పిల్ల వల్ల తెలుసుకున్నాను. లెక్చరర్ పోస్టు ఇంకెవరికో వెళ్లింది. గుమ్మం మీద పూలతో రావద్దని బోర్డు వెలిసింది. నా పూలు దొరికిపోయాయి గానీ, సార్ సిగరెట్ల సంగతి ఆ బోర్డు మీద ఎవరూ రాయలేదు.

కొత్తగా వచ్చే పిల్లలకి నేను చెప్పేది ఒకటే. మీ ప్రయోగంలో మీరూ ఉంటారు. ఎలుక మీ పెట్టెని మాత్రమే చూడదు, మిమ్మల్ని కూడా చూస్తుంది. మీరు అందరికీ పెట్టిన నియమంలోంచి మిమ్మల్ని మీరు ఎక్కడ వదిలేశారో వెతకండి. తప్పు సాధారణంగా అక్కడే ఉంటుంది.

నాగమణి గారి ఇంట్లో

ఒక్క సంగతి మిగిలింది. ఆ బుధవారం సాయంత్రమే శిరీషా నేనూ బస్సెక్కి, రాజోలులో దిగి, ఆటోలో వాళ్ల ఊరు వెళ్లాం. ఫోన్‌లో చెబితే అమ్మ వినదు, మీరే వచ్చి చెప్పండని శిరీష అంది.

నాగమణి గారు పొట్టిగా, బలంగా ఉన్న మనిషి. చేపలు ఎండబెట్టిన చాపలు మడుస్తోంది. కూర్చోమని కుర్చీ వేసి మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు నాకు అందిస్తూ ఉండగా కాలవ మీద ఒక పడవ ఇంజను మొదలైంది. చెయ్యి అలాగే ఆగిపోయింది. కళ్లు ఎటో ఉన్నాయి. ఊపిరి కూడా తీసుకుంటున్నట్టు లేదు. ముప్ఫై ఏళ్లు స్టాప్‌వాచీ పట్టుకుని నేను చూసింది అదే. నా బొటనవేలు అలవాటు కొద్దీ కదిలింది. లెక్కపెట్టలేదు. గ్లాసు అందుకుని, చప్పుడు పోయేదాకా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

తేరుకున్నాక మొత్తం చెప్పాను. బీపూ, షాకూ, మరువం, శ్రమల కాలం. కషాయం పనిచేయలేదని, మాకే తెలియక పనిచేసిందని చెప్పామని. ఆవిడ శ్రద్ధగా విని, "మరి నాకు నిద్ర పట్టిందండీ" అంది. మీ అమ్మాయి చేత్తో ఇచ్చింది కదండీ, అందుకు పట్టిందేమో అన్నాను. అప్పుడు కూతురి మొహం చూసింది. శిరీష తల దించుకునే ఉంది.

"అయితే తప్పు మా పిల్లది కాదన్నమాట."

"కాదండీ. నాదేనండీ."

"ఇంత దూరం వచ్చి ఈ మాట చెప్పడానికి మీకు బయమెయ్యలేదా అమ్మగారూ?"

"ఏసిందండీ."

"మరెలా పోయిందండీ?"

"పోలేదండీ. ఉండగానే వచ్చేను."

నాగమణి గారు మడిచిన చాపని మోకాలి మీద సర్దుకుంది. తర్వాత కూతురి వైపు తిరిగి, రేపు అమలాపురం డాక్టరు గారి దగ్గరకి ఏ బస్సుకి వెళ్దామని అడిగింది.